నల్లకోటు మీద సిలువ

హైదరాబాదు పాతబస్తీ శాలిబండలో మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచే దయ్యం ఒక్క లాజరే. టాకీసుకు ఇంగ్లీషు రక్తపిశాచి సినిమాల్లో కొత్తది వచ్చినప్పుడల్లా, బురఖాలు కుట్టే దర్జీ కుట్టిచ్చిన పొడుగాటి నల్లకోటు వేసుకుని, ముఖానికి తెల్లరంగు పూసుకుని, మైనం కోరలు పెట్టుకుని, డప్పు వెనకాల ప్రచారానికి వీధులన్నీ తిరుగుతాడు. మొదటి సినిమాకు ఆడవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఇది ఏడోది. ఇప్పుడు ఇరానీ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు "దయ్యం భాయ్, చాయ్ తాగుతవా?" అని పిలుస్తున్నారు. లాజరు తాగుతాడు కూడా. కోరలు తీసి సాసరు అంచున పెట్టి, ఊదుకుంటూ తాగి, మళ్లీ తగిలించుకుని వాళ్ల మీదే గుర్రుమంటాడు.

ఆ రోజు బయలుదేరబోతూ, ఉక్కకు తాళలేక కోటు గుండీ విప్పాడు. చనిపోయిన తల్లి ఆగమ్మ కట్టిన నల్లదారం, దానికి చిన్న ఇత్తడి సిలువ బయటపడ్డాయి. టాకీసు మేనేజరు గుండయ్య తల కొట్టుకున్నాడు.

"ఏందిర లాజరు గిది! సినిమాల దయ్యం సిలువను జూస్తే ఉరుకుతది. గది నీ మెడల్నే ఉంటే జనం నవ్వరా? అసలే ఎవ్వడు భయపడ్తలేడు. తీసెయ్, లేకుంటే కోటు ఇడిసి పో. ఇంకొకన్ని జూస్కుంట."

మాట తేటగా రావాలని లాజరు కోరలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఉరికేది నీ సినిమాల దయ్యం, సాబ్. నేనెందుకు ఉరుకుత?"

కోరలు మళ్లీ పెట్టుకున్నాడు. గుండీలన్నీ మెడదాకా బిగించి, సిలువను పైకి లాగి నల్లకోటు మీద వేసుకున్నాడు. డప్పు కొట్టేవాడి భుజం తట్టి, గుండయ్య చూస్తుండగానే నడిబజారులోకి దిగాడు.