గుట్ట మీద రెండు సున్నపు బొట్లు

మా మేనత్త పోయిందని మొన్న తెల్లవారుజామున మద్దూరు నుంచి సిద్దిపేటలో ఉన్న నాకు కబురొచ్చింది. బస్సు దిగగానే నా చూపు ఆమె ఇంటివైపు కాదు, ఊరి వెనక గుట్టవైపు పోయింది. పొద్దుటి మంచులో కొస కనిపించలేదు.

మాది కల్లుగీసే ఇల్లు. తాత తాటిచెట్టెక్కే మోకును ఆడవాళ్లు ముట్టకూడదనేవారు. మేనత్త ముట్టడమే కాదు, దాన్ని భుజాన వేసుకుని గుట్టలెక్కేది. నిజాం పాలన చివరి రోజులవి. మా గుట్ట కొసబండ నున్నగా, నిటారుగా ఉంటుంది. మగవాళ్లే సగంలో చేతులెత్తేసేవారు. ఒకనాటి సాయంత్రం ఆమె చీర గోచిపోసి, సున్నం ముంత నడుముకు కట్టుకుని ఒంటరిగా ఎక్కింది. ఎక్కిన గుర్తుగా కొసబండ మీద చాటంత తెల్లటి బొట్టు పెట్టి దిగింది.

తెల్లారేసరికి గుట్ట కింద కొబ్బరికాయలు కొడుతున్నారు. దేవుడు వెలిశాడట!

“గది నేనే పెట్టిన” అంది మేనత్త.

ఊరి పటేలు నవ్వాడు. “ఆడిపిల్లవు, గంత మీదికి ఎట్ల పోతవు? దేవుని మీద అబద్ధమాడకు.”

తాతకు తల కొట్టేసినట్టయింది. ఇక మోకు ముట్టనివ్వనన్నాడు. గుట్టలు లేకపోతే ఆమెకు ఊపిరాడదు. “రేపు పగటీలి అందరు రాన్రి, పక్కన ఇంకోటి పెడ్త” అంది.

ఊరంతా వచ్చింది. తాత వద్దన్న మోకే ఆమె భుజాన ఉంది. ఏడేళ్ల నేను అమ్మ కొంగు పట్టుకుని చూస్తున్నాను. సగంలో ఆమె కాలు జారింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. బండకొమ్ముకు మోకు బిగించి కాసేపు ఆగింది. మళ్లీ కదిలింది. రెండో బొట్టు పడగానే మా అమ్మ ఏడ్చేసింది.

పటేలు ఒప్పుకుంటాడా? “రెండోది నువ్వే పెట్టినవ్. మొదటిది మాత్రం దేవునిదే.”

మేనత్త పకపకా నవ్వింది. “గట్లనే అనుకోన్రి పటేలా. దేవుడు నాకన్న ఒక్కరోజు ముందెక్కిండు.”

తాత మోకు తిరిగి ఇమ్మనలేదు. చుట్టుపక్కల ఆమె ఎక్కని గుట్ట లేదు. చరియల్లో చిక్కిన మేకల్ని దించాలన్నా ఆమెకే కబురు. నాతో సహా ఎందరో ఆడపిల్లలకు ఎక్కడం నేర్పింది. “కాలు కుదిరినంకనే చెయ్యి ఇడువు!” అని కిందనుంచి అరిచేది. భయపడితే తిట్టేది, దిగాక బెల్లంముక్క పెట్టేది. నేను దేనికీ వెనుకాడని మనిషినయ్యానంటే ఆమె చలవే.

ఏటా వానలకు కరిగిపోయిన రెండు బొట్లకూ మళ్లీ సున్నం వేసేది. “దేవునిది నువ్వెందుకేస్తవు అత్తా?” అంటే, “ఆయనకు సున్నం ఎవరిస్తరే?” అనేది. మోకాళ్లు మొరాయించి రెండేళ్లుగా ఎక్కలేదు.

అంత్యక్రియలయ్యాక పటేలు కొడుకు, ఇప్పుడు ఆయనా ముసలివాడే, గుట్టవైపు చూస్తూ నిలబడిపోయాడు. “రెండూ ఆమెవేనమ్మా” అన్నాడు మెల్లగా.

నేనూ తలెత్తాను. మంచు విడిపోయింది. కొసబండ మీద మేనత్త బొట్టు లేదు. దేవుడి బొట్టూ లేదు.