ఊగే గోదాం

ఇంజనీరింగు చదువు ముగించిన కొత్తలో, పందొమ్మిది వందల నలభైల చివర, ఓ తుఫాను మధ్యాహ్నం సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కోసం నిలబడ్డాను. పక్కన గొంగడి కప్పుకున్న ముసలామె ఒకటే కంగారు పడుతోంది. ఆమె కొడుకు మిర్యాలగూడలో కొత్తగా లేచిన ఇనుప గోదాముకు కావలి.

ధైర్యం చెబుదామని అన్నీ వరసగా చెప్పాను: ఉక్కు స్తంభాలు, దూలాలు, వాటి మధ్య ఏటవాలు కడ్డీలు, పాదాల దగ్గర బోల్టులు. "గాలికి కాస్త ఊగుతుంది. ఊగుతుంది కనుకే విరగదు."

ఆమెకు ఒక్క మాటే వినబడింది. "ఊగుతదా? నా కొడుకు అండ్లనే పంటడు గద బిడ్డా!"

ఊగడం మంచిదేనన్నాను. ఆమె నా భుజం పట్టి గట్టిగా తోసింది. తూలాను గాని పడలేదు.

"నీ కాళ్లు గట్టిగున్నయ్, నిలబడ్డవ్. దాని కాళ్లు మంచిగ బిగిచ్చిన్రా? నువ్వు సూసినవా?"

చూడలేదు. కోదాడ బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కాం.

"గింత గాలిల ఎందుకొచ్చినవే అవ్వా?" అని గోదాం దగ్గర కొడుకు కసిరాడు. నేను స్తంభం స్తంభం దగ్గర వంగి బోల్టులు పట్టి చూశాను. అన్నీ బిగిసే ఉన్నాయి. ఆమె ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

"ఊగుతున్నదిరా," అంది కొడుకుతో. "ఇగ భయం లేదు, పండుకో."