చీలమండ పట్టు

మా డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీములో పదకొండు మందిమి ఉంటే, పదిమందిమి కబడ్డీ ఆటగాళ్ళమే. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లాడికి నడక వచ్చిందంటే కబడ్డీ వచ్చినట్టే. ఫుట్‌బాల్ మాత్రం ఫోన్లో చూసే ఆట. కబడ్డీ టీములో చోటు దొరకనివాళ్ళను పీడీ సారు పోగుచేసి ఇందులో వేశారు. ఆ మిగులు సరుకులో నేనొకణ్ణి.

నిజంగా ఫుట్‌బాల్ కోసం వచ్చినవాడు మా కెప్టెన్ ఒక్కడే. ఈపూరు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. చదువు మాని లారీ ఎక్కమని ఆయన రెండేళ్ళుగా పోరుతుంటే, యూనివర్సిటీ టీముకు సెలెక్ట్ అవుతానని చెప్పి వీడు నెట్టుకొస్తున్నాడు. గోల్‌కీపర్. మాలాంటి వాళ్ళను ముందు పెట్టుకుని గోల్ కాయడం ఎంత నరకమో వాడికే తెలియాలి.

ఆ ఏడాది ఆడిన మ్యాచ్ ఆడినట్టే ఓడిపోయాం. ఒక టీము మా మీద తొమ్మిది గోల్స్ కొట్టి, ఇక చాలనుకుని ఆగింది. "చేతులు దించండిరా, కాళ్ళతో ఆడండిరా" అని అరిచి అరిచి కెప్టెన్ గొంతు పోయింది. కాళ్ళు పరిగెత్తడానికి, చేతులు పట్టుకోవడానికి అని నేర్చుకున్నవాళ్ళం మేము. ఎంత చెప్పినా ఎక్కలేదు.

చివరి మ్యాచ్‌కి ముందు పీడీ సారు మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టారు.

"చానా అయిందిరా. ఇదన్నా ఓడకుండా ఆడండి. లేదంటే వచ్చే ఏడు ఫుట్‌బాల్ ఎత్తేస్తారంట. నేను చేసేదేం లేదు."

టీము పోతే సెలెక్షన్ లేదు. సెలెక్షన్ లేకపోతే లారీయే. కెప్టెన్ గ్లౌజుల దారాలు పీకుతూ కూర్చున్నాడు.

మ్యాచ్ మా కాలేజీ గ్రౌండులోనే. నెర్రెలిచ్చిన నేల మీద వాడు ఎన్నిసార్లు పడ్డాడో, ఎన్ని ఆపాడో లెక్కలేదు. మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. రెఫరీ వాచీ చూసుకునే సమయానికి ఇరువైపులా గోల్ లేదు. ఆ సీజన్లో మొదటిసారి నాకు ఆశ పుట్టింది.

అప్పుడు అవతలి టీమువాడొకడు బంతితో నన్ను దాటిపోయాడు. ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. ఆ క్షణంలో నాకు ఫుట్‌బాల్ గుర్తు లేదు. కూతకు వచ్చి గీత వైపు పారిపోతున్నవాడే కనబడ్డాడు. ఎగిరి పడి వాడి చీలమండ రెండు చేతులతో పట్టేశాను. వాడు బోర్లా పడ్డాడు. గట్టు మీద కూర్చున్న కబడ్డీ టీము లేచి చప్పట్లు కొట్టింది. అవుట్ ఇస్తారేమోనని ఇంకా వదలకుండా పట్టుకునే ఉన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

రెఫరీ పెనాల్టీ ఇచ్చి, నన్ను బయటికి పంపాడు. గీత అవతల నిలబడి చూశాను. కెప్టెన్ సరైన వైపే దూకాడు. బంతి వాడి వేళ్ళకు తగిలి లోపలికే పోయింది.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి బస్సులో రావడం తగ్గించాడు, మూడో ఏడు అసలు రాలేదు. గోల్ పోస్టులు పీకేసి అక్కడ ఇంకో కబడ్డీ కోర్టు గీశారు.

మొన్న వినుకొండ బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, రోడ్డు పక్కన ఆగిన లారీలోంచి వాడు దిగాడు. అరచేతులు నల్లగా కాయలు కాచి ఉన్నాయి. వాడికీ ఒక టీ చెప్పాను. ఇన్నేళ్ళుగా మోస్తున్న మాట అనేశాను.

"నా వల్లే పోయిందిరా నీకు. ఆ రోజు నాలుగు తిట్టినా బాగుండేది."

వాడు గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

"ఏందిరా తిట్టేది? నువ్వు పట్టు పట్టినప్పుడు నేనూ చప్పట్లు కొట్టా. గ్లౌజులు మెత్తగా తగిలినాక గుర్తొచ్చింది, మనం ఆడేది ఏందో."