చెప్పు తీయడం వేరు, చెప్పులు విప్పడం వేరు

మొన్న ఆదివారం ఉదయం తెనాలిలో మా మేనత్త కన్నుమూశారు. బాపట్లలో మా కాలేజీ హాస్టలుకు కబురు అందేసరికి నేను వక్తృత్వ పోటీకి సిద్ధమవుతున్నాను. విషయం: "నేరప్రవృత్తి పుట్టుకతోనే వస్తుంది." ఆ ప్రతిపాదనను ఖండించడానికి నేను కూడగట్టుకున్న వాదనల్లో పుస్తకాలవి కొన్నే. బలమైనవన్నీ ఆవిడవి. పోటీకి వెళ్ళలేదు. అక్కడ చెప్పవలసింది ఇక్కడ చెబుతాను.

ఆవిడ ప్రొబేషన్ ఆఫీసరు. నేరం చేసి పట్టుబడిన పిల్లలను కోర్టు జైలుకు పంపకుండా ఆవిడ పర్యవేక్షణలో ఉంచేది. వాళ్ళను చూసి రావడానికి ఒకరోజు రేపల్లె రైలు, మరొకరోజు బాపట్ల రైలు ఎక్కేవారు. ఆ రోజుల్లో ఆ ఉద్యోగంలో ఆడవాళ్ళు అరుదు. "హాయిగా బళ్ళో పాఠాలు చెప్పుకోక, ఈ దొంగపిల్లల వెంట తిరగడమేంటమ్మా?" అని మా చర్చి పెద్ద ఒకాయన అడిగితే, "మంచిపిల్లల్ని చూసుకోడానికి మీరంతా ఉన్నారు కదండీ" అని ఊరుకున్నారు.

పోలీసులు ఆ పిల్లలందరికీ ఒకటే మాట వాడేవారు: పొగరు. మేనత్తకు ఆ మాట గిట్టేది కాదు. "జ్వరం అని రాసి ఊరుకుంటే వైద్యం ఎలా చేస్తారు? ఏ జ్వరమో చెప్పాలి" అనేవారు. ఆవిడ లెక్కలో పొగరు రెండు రకాలు. చేయి ముందు లేచి, బుద్ధి వెనక వచ్చేవాడు దుడుకు. బుద్ధి ముందే ఉండి, ఎదుటివాడి నొప్పి మాత్రం తనకు తగలనివాడు కరకు. మొదటివాడు కోర్టులో ఎదురుమాట్లాడి అందరికీ కోపం తెప్పిస్తాడు. రెండోవాడు "అవునండి, తప్పేనండి" అని చక్కగా ఏడుస్తాడు. కళ్ళనీళ్ళను చూసి తీర్పు చెప్పే లోకం వీళ్ళిద్దరినీ తారుమారు చేస్తుందని ఆవిడ బాధ.

అటువంటి చక్కని ఏడుపువాడు ఒకడు బాపట్ల దగ్గర ఉండేవాడు. పొరుగాయన గడ్డివామికి నిప్పుపెట్టి, ఊరివాళ్ళతో కలిసి తానూ నీళ్ళు మోశాడు. వాడు కరకేనని ఆవిడకు తెలుసు. కోర్టుకు ఇచ్చే నివేదికలో మాత్రం ఆ మాట రాయలేదు. ఎందుకని అడిగితే, "ఆరని మట్టికి కుండ అని పేరు పెట్టకే కోడలా" అన్నారు. వాడికి దండన అంటదనీ, మెప్పు అంటుతుందనీ కనిపెట్టి, చేసిన ప్రతి మంచిపనికీ పదిమందిలో పొగిడించారు. వాడు మారాడా అని ఎవరైనా వెటకారంగా అడిగితే, "తగలబెట్టడం మానేశాడండి. గడ్డివామి ఉన్నాయన దాన్ని మార్పనే అంటాడు" అనేవారు. ఇంతకంటె నిజాయితీ గల జవాబు నేను ఏ వేదిక మీదా వినలేదు.

దుడుకువాళ్ళకు ఆవిడ దగ్గర ఒక మందు ఉండేది. "కోపమొచ్చిందా, చెప్పులు రెండూ విప్పు. వొంగి పక్కపక్కన సర్దు. అప్పటికీ కొట్టాలనిపిస్తే కొట్టు." ఆ వంగి లేచే వ్యవధిలో బుద్ధి వచ్చి చేతిని అందుకుంటుందని ఆవిడ నమ్మకం. "మరి కరకువాడికో?" అని నేను వాదానికి దిగాను. "వాడు నీకంటే చక్కగా సర్ది, నింపాదిగా వచ్చి కొడతాడు. అందుకే ఇద్దరికీ ఒకే మందు ఇవ్వకూడదు."

ఈ మందు వల్లే ఒకసారి కొంప మునగబోయింది. రేపల్లె బియ్యం మిల్లులో బస్తాలు మోసే పదహారేళ్ళవాడు, తూకంలో మాటామాటా పెరిగి, బస్తాలు లాగే ఇనుప కొక్కెంతో గుమాస్తా భుజం చీల్చాడు. కోర్టు వాణ్ణి మేనత్త పర్యవేక్షణలో ఉంచింది. ఇంకొక్క తగాదా జరిగితే బాలనేరస్థుల జైలేనని హెచ్చరించింది. కొన్నాళ్ళకు రేపల్లె స్టేషనులో ఒక వ్యాపారి మనిషి వాడి తల్లిని అనరాని మాట అన్నాడు. వాడు ఆవిడ చెప్పినట్టే వంగి చెప్పులు విప్పాడు. "చెప్పు తీశాడ్రోయ్!" అని చుట్టూ ఉన్నవాళ్ళు మీదపడి, కట్టేసినంత పనిచేసి పోలీసులకు అప్పగించారు. మన వైపు చెప్పు తీయడానికి ఉన్న అర్థం ఒక్కటే కదా.

నాకప్పుడు బడి సెలవులు. ఆవిడ వెంట తెనాలి కోర్టుకు వెళ్ళాను. వాడు బోనులో నోరు విప్పకుండా, మొండిగా చూస్తున్నాడు. సర్కారు ప్లీడరు "కరుడుగట్టిన మనిషి" అనేశాడు. మేనత్త అనుమతి అడిగి, వాణ్ణి పట్టుకొచ్చిన హెడ్ కానిస్టేబులు వైపు తిరిగారు.

"వీడు చెప్పు తీశాడా, చెప్పులు విప్పాడా అండి?"

"రెండూ ఒకటే కదమ్మా."

"కాలికి ఎన్ని మిగిలాయి?"

"ఏం మిగల్లేదండి. రెండూ తీసేశాడు."

"మీరెళ్ళేసరికి చేతిలో ఉన్నాయా?"

"లేదండి. కిందే ఉన్నాయి." ఆయన కాస్త తడుముకున్నాడు. "పక్కపక్కనండి. గుళ్ళోకెళ్ళేవాడు విడిచినట్టు."

మేజిస్ట్రేటు కలం కింద పెట్టారు. "కొట్టేవాడు ఒక చెప్పే తీస్తాడండి," అన్నారు మేనత్త. "వంగి రెండూ సర్దినవాడు కొట్టకుండా ఉండడానికి సర్దాడు. ఆ పద్ధతి నేర్పింది నేను. తప్పైతే నన్ను అడగండి." కోర్టులో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. బోనులోకి చూసి, "నిజమేనా?" అన్నారు. వాడు అప్పుడు తొలిసారి మాట్లాడాడు. "సగం సర్దేసరికే పట్టుకున్నారండి. ఎడందాన్ని సరిగ్గా పెట్టలేదు."

వాణ్ణి జైలుకు పంపలేదు. బయటికి వచ్చాక మేనత్త వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "ఇకమీద చెప్పులు విప్పేముందు నాలుగడుగులు వెనక్కెయ్యరా. జనానికి భాష రాదు" అన్నారు.

నేరం రక్తంలో ఉందని వాదించే మిత్రులకు నేను ఏ సిద్ధాంతమూ చెప్పను. మనిషిని ఒక్క మాటతో మూసెయ్యడానికి ముందు అది ఏకవచనమో బహువచనమో చూడమంటాను. ఆవిడ జీవితమంతా చేసిన పని అదే. ఆవిడ మేనకోడల్నని చెప్పుకోవడంలో నాకు దాపరికం లేదు.

మంగళవారం తెనాలి చర్చిలో ఆవిడకు అంతిమ ప్రార్థన జరిగింది. ఆ రేపల్లె మిల్లు కుర్రాడు ఇప్పుడు హమాలీ మేస్త్రీ. తనలాగే ఒకప్పుడు ఆవిడ పర్యవేక్షణలో ఉన్న మరికొందరితో వచ్చి వెనక నిలబడ్డాడు. పెట్టె ఎత్తమని పాస్టరుగారు అనగానే వాళ్ళే ముందుకొచ్చి భుజం పట్టారు. గుమ్మం దగ్గర జనం తమ చెప్పులు వెతుక్కుంటూ, ఒకరివొకరు తొక్కుతూ, తొడుక్కుంటూ బయలుదేరారు. పెట్టె మోసినవాళ్ళు చెప్పుల కోసం ఆగలేదు. ఎండకు కాలిన రోడ్డు మీద వట్టికాళ్ళతో నడిచి వెళ్ళారు.

వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ అయిన వాకిట్లో గోడవారగా కొన్ని జతలు మిగిలి ఉన్నాయి. పక్కపక్కన, మడమలు కలిపి, ఎడమది కూడా సరిగ్గా.