పేరు మరీ బాగా కుదిరింది

అరిగిపోయిన అక్షరం కంటబడిందంటే చాలు, పేర్లు చెక్కే ఉలి మేస్త్రీకి చేతులు దురద పెట్టేవి. బహుమతి కప్పులైనా, ఇంటి నేమ్‌ప్లేట్లైనా, ఆయన చేతిలో పడ్డ పేరు నిగనిగలాడాల్సిందే. ఆ పనంటే అంత పిచ్చి మరి!

అలాంటి మనిషి చేతికి వాళ్ళక్క డబుల్ బ్యారెల్ తుపాకి ఇచ్చింది. పోయిన బావది. ఏళ్ళతరబడి పరాయి కొట్లో కాజాలు కుట్టి విసిగిపోయిన ఆవిడ, దాన్ని అమ్మి సొంతంగా కుట్టుపని కొట్టు పెట్టాలనుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, కాస్త దుమ్ము తుడిచి పెట్టరా. రేపు తుపాకుల వ్యాపారి వస్తాడు," అంది. అంతే అంది, పాపం!

తమ్ముడు తుడిచాడు. ట్రిగ్గర్ పైనున్న పక్క రేకు మీద తయారు చేసిన కంపెనీ పేరు సగం అరిగి కనిపించింది. ఎంత పేరు! పాత తుపాకులు కొనేవాళ్ళు ఇనుమునీ చెక్కనీ తర్వాత చూస్తారు, ముందు ఆ పేరే వెతుక్కుంటారు. అది లేకపోతే అడిగే నాథుడుండడు. అంతటి పేరు ఇలా మసకబారడమా? ఉండబట్టలేక మధ్యాహ్నమంతా కూర్చుని అక్షరం అక్షరం మళ్ళీ చెక్కేశాడు.

మర్నాడు వ్యాపారి వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. మొహం ముడుచుకుంది.

"ఏంటమ్మా ఇది? తుపాకి ముసలిది, పేరేమో పసిపిల్ల!"

"మా తమ్ముడేనండీ, బాగుంటుందని..."

"కొంప ముంచాడు! నాసిరకం వాటి మీద ఈ పేరు చెక్కి అంటగట్టేవాళ్ళు బోలెడుమంది. ఇక ఇది అసలుదంటే నమ్మేదెవరు?"

అక్క గిర్రున తిరిగింది. "తుడవమన్నానా, చెక్కమన్నానా? నా కొట్టు మూశావు కదరా, తెరవకుండానే!"

"అరిగింది కదాని, అక్కా..."

"నీ బుర్ర అరిగింది!"

వెళ్ళబోయిన వ్యాపారి గుమ్మం దగ్గర ఆగాడు. ఏమనుకున్నాడో వెనక్కొచ్చి, గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్కని టక్కున ఊడదీశాడు. మేస్త్రీ నోరు తెరిచాడు.

"అది ఊడుతుందా?"

"తెలీదా? అంటే ఇక్కడ ఉలి పెట్టలేదుగా?"

"తెలిస్తే వదిలేవాణ్ణా!"

వ్యాపారి పకపకా నవ్వి గొట్టాల్ని కిటికీ వెలుగులో తిప్పాడు. గొట్టాల అడుగున నూనె జిడ్డు కింద ఆ కంపెనీదే చిన్న ముద్ర, పక్కన నంబరు. చెక్క లోపలా అదే నంబరు! రేకు మీద పాత నగిషీ వంకీలూ ఆ కంపెనీ పనితనమేనట!

"అసలుదే!" అని వ్యాపారి అరిచాడు. "అసలుదే!" అని అక్క అంతకన్నా గట్టిగా అరిచింది. మేస్త్రీ అయితే కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూలబడి, మళ్ళీ లేచాడు.

"కానీ తల్లీ, రేకు మీది పేరు ముట్టుకోకుండా ఉంటే ధర ఇంకా పలికేది. కాస్త తగ్గించక తప్పదు."

"ఎంత తగ్గిస్తారు?" అక్క కొంగు బిగించింది. ఇక మొదలైంది బేరం! టీలు చల్లారిపోయాయి. వ్యాపారికి చెమటలు పట్టాయి. చివరికి బజారు మొగలో గది కాకపోయినా, సందులో గదికీ రెండు మిషన్లకీ సరిపడా తేలింది.

సాయంత్రమే ఆవిడ ఆ గది తాళం చేతిలో పట్టుకుని సందంతా తిరిగొచ్చింది. వెనకాలే తమ్ముడు, నెత్తిన మిషను!