మూల తిరిగిన లేత్

భీమిలి బావ కుడివైపు తిరిగి, యజమాని సఫారీ చొక్కా రెండో గుండీని పట్టుకుని, శ్రద్ధగా మూడు చుట్లు తిప్పాడు. మూడో చుట్టుకి గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. అప్పటికి కూడా అతని ముఖంలో తప్పు చేసిన ఛాయ లేదు. చక్రం సరిగ్గా తిరిగిందో లేదో చూసుకునే పనివాడి ముఖం అది. అతని వెనక కొత్త లేత్ మిషను బంతిపూల దండతో గిర్రున తిరుగుతోంది. యజమాని తన పొట్ట వైపు చూసుకున్నాడు. తర్వాత మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి మూలనున్న గోడ వైపు చూశాడు.

ఇది జరిగింది తొంభైల మధ్యలో, మల్కాపురం దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో. ఇనప కడ్డీలని లేత్ మీద తిప్పి, చెక్కి, పోర్టుకీ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకీ పిన్నులు చేసిచ్చేవాళ్లం. చేసిచ్చేవాళ్లం అన్నాను గానీ, చేసింది ఇద్దరు పాత ఆపరేటర్లు. వాళ్లకి రెండు పాత మిషన్లుండేవి. వాటి మీద ఎవరి నీడ పడినా వాళ్లు ఒప్పుకునేవారు కాదు. మేం నలుగురం అప్రెంటిస్‌లం. మమ్మల్ని చేర్చుకున్నది విదేశం నుంచి రాబోయే కొత్త మిషను పేరు మీద.

ఆ మిషను వచ్చింది కూడా. ఓడ దిగింది. అయితే కాగితాల్లో రెండు పెట్టెలని ఉంది, దిగినవి మూడు. మూడో పెట్టె ఎక్కడిదో, అందులో ఏముందో తేలేదాకా మిగతా రెండూ బయటికి రావన్నారు కస్టమ్స్ వాళ్లు. మా షాపు డాబా ఎక్కితే పోర్టులో క్రేన్లు కనిపించేవి. ఆ క్రేన్ల కింద ఎక్కడో మా మిషను టార్పాలిను కప్పుకుని కూర్చుందని మాకు తెలుసు. అది అలా పదకొండు నెలలు కూర్చుంది.

ఈలోగా మాకు ఏం నేర్పాలి? మేస్త్రి తగరపువలస వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. ఖాళీగా ఉన్న మనిషిని చూస్తే, బీడు పడ్డ పొలాన్ని చూసినట్టు బాధపడేవాడు. మిషను తయారుచేసిన కంపెనీ పంపిన బొమ్మల పుస్తకం అతని దగ్గర ఉంది. అందులో ప్రతి కొలతా ఉంది. ఒక సోమవారం నల్ల పెయింటు డబ్బా, టేపు తెచ్చి, షాపు వెనక గోడ మీద ఆ మిషనుని అసలు సైజులో గీయడం మొదలుపెట్టాడు.

ఎడమ చివర ఆఫీసు తలుపు, దాని పక్కనుంచి మొదలుపెట్టాడు. ముందు కడ్డీని పట్టుకుని తిప్పే చక్ వచ్చింది. తర్వాత కత్తి బిగించే చోటు, దాన్ని జరిపే హ్యాండిళ్లు. మూడో రోజుకి గోడ అయిపోయింది. మిషను అవలేదు, ఇంకా రెండున్నర అడుగులుంది. చిట్టచివరి భాగం, డ్రిల్లు బిగించి చక్రం తిప్పితే అది ముందుకు వెళ్లి కడ్డీ నడుమ బెజ్జం పెడుతుందే, ఆ భాగానికి గోడ చాలలేదు.

"కాస్త సిన్నగా గీసీసుంటే సరిపోను గద మేస్త్రీ," అన్నాడు పాత ఆపరేటర్లలో ఒకడు.

"మిషను కొలత మిషనుదిరా. నీకూ నాకూ నచ్చినట్టు కుదించీడానికి అదేటి లాగూనా?" అన్నాడు మేస్త్రి.

మూల దాటించి, కుడివైపు గోడ మీద మిగిలిన రెండున్నర అడుగులూ గీశాడు. అలా మా లేత్ కుడి చివర మడత పడి, గోడ మూలలో ఒదిగి కూర్చుంది. అన్ని కొలతలూ దారం మందం తేడా లేకుండా కరెక్టు. "అసల్ది తిన్నగా ఉంటాది, గుర్తెట్టుకోండి," అని మొదటి రోజు ఒక్కసారి చెప్పాడు. మళ్లీ చెప్పలేదు.

హ్యాండిళ్ల చోట పాత వాల్వు చక్రాలు మేకులు కొట్టి బిగించాడు, తిప్పితే తిరిగేలా. ఉదయం ఎనిమిదికి గోడ ముందు వరసగా నిలబడాలి. నూనె పోసే బెజ్జాలు గీసిన చోట ఒక్కో బొట్టు నూనె వేయాలి. ఆ బొట్లు గోడ మీద నుంచి కారి చారలయ్యేవి. పాత ఆపరేటర్లు వచ్చి, "మేస్త్రీ, నీ మిషను లీకవుతన్నాది," అని నవ్వేవారు. మేస్త్రి నవ్వేవాడు కాదు. గుడ్డతో తుడిపించేవాడు.

మోటారు చప్పుడు మేమే చెయ్యాలి. ఒకడు పని చేస్తుంటే ఇంకొకడు గుర్రుమంటూ ఉండాలి. ఓసారి నేను గుర్రుమంటుంటే మేస్త్రి ఆపాడు.

"ఏ గేరులో ఉన్నావు?"

"రెండు, మేస్త్రీ."

"మరి మూడో గేరు సౌండు సేత్తన్నావేటి? మోటారు కాలిపోద్ది."

వర్షాకాలంలో పైకప్పు కారి చక్ వైపు గోడ చెమ్మగిల్లింది. రెండు రోజులు మిషనుకి 'మరమ్మతులో ఉంది' అని బోర్డు తగిలించాం. ఆ రెండు రోజులూ మాకు నిజంగానే పని లేనట్టనిపించింది. దసరాకి పనిముట్లతోపాటు గోడకీ పసుపు రాసి బొట్లు పెట్టాం, గుమ్మడికాయ కొట్టాం. సున్నం వేసేవాళ్లు వస్తే మేస్త్రి మిషను చుట్టూ వేయించి, మిషను మీద మాత్రం బ్రష్షు పడనివ్వలేదు.

నాకు ఒక ప్రమాదం కూడా జరిగింది. చక్ 'తిరుగుతుండగా' గోడ మీద అక్కడ చెయ్యి ఆనించాను, దోమని కొట్టడానికి. మేస్త్రి అందరినీ పిలిచాడు.

"ఈడి కుడిసెయ్యి పోయినాది. అందరూ సూడండి."

ప్రమాదాల రిజిస్టరు తెచ్చి అందులో రాశాడు. ఆ రోజంతా కుడిచెయ్యి వాడకూడదన్నాడు.

"మరి అన్నం మేస్త్రీ?"

"సెయ్యి లేనోడు ఎలగ తింటాడో అలగే తిను."

భీమిలి బావ తన క్యారేజీలోంచి చేపల పులుసు అన్నం కలిపి, ముద్దలు చేసి నాకు తినిపించాడు. "నోరు తెరు బావా. ఇంకా నయం, తలకాయెట్టలేదు," అన్నాడు.

ఇక అతని సంగతి. ఊళ్లో అందరికీ ఎవరో ఒకరు బావ అయినట్టే మాకు ఇతను భీమిలి బావ. వాళ్లది సముద్రం మీద వేట చేసే కుటుంబం. తాత, తండ్రి, ముగ్గురు అన్నలూ పడవ మీదే బతికారు. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతి. ఒడ్డున తాడు కట్టి ఉన్న పడవెక్కినా వాంతే. "వల దండగరా, ఈడిని ఒంగోబెట్టీండి, సేపలు అయ్యే వత్తాయి," అని అన్నలు అనేవారట. వాళ్లు నవ్వుతూ అన్నారు గానీ, తండ్రి మాత్రం నవ్వకుండా ఒక మాట అన్నాడు: ఈ అప్రెంటిస్ అయ్యాక పర్మనెంటు పని దొరికితే సరే, లేకపోతే వచ్చి పడవెక్కాలి.

దొరికే పోస్టు ఒక్కటే. కొత్త మిషనుకి ఆపరేటరు. మిషను వచ్చిన రోజు ఎవరు పిన్ను చెక్కి, మధ్యలో బెజ్జం సరిగ్గా పెడితే వాళ్లదే అని యజమాని ముందే చెప్పాడు. మిగతా ముగ్గురం ఆశ పెట్టుకోలేదు. భీమిలి బావకి గోడ మిషను ఒంటబట్టిపోయింది. కళ్లు మూసుకుని చేసేవాడు. బస్సులో కూర్చుని చేతులు గాలిలో ఆడించేవాడు. ఎడమచేత్తో ఒక హ్యాండిలు, కుడిచేత్తో ఇంకొకటి, మూడడుగులు పక్కకి, కుడివైపు తిరగడం, చక్రం మూడు చుట్లు. ఆ కుడివైపు తిరగడంలో అతనికి ఒక అందం ఉండేది. మేం కూడా తిరిగేవాళ్లం గానీ మాకు అంత బాగా వచ్చేది కాదు.

పదకొండు నెలలకి మూడో పెట్టె తెరిచారు. అందులో మిగతా రెండు పెట్టెలకి సరిపడా రంపపు పొట్టు ఉంది, ఇంకేం లేదు. మిషను విడుదలైంది.

దాన్ని షాపులో బిగించి దండ వేసిన రోజు భీమిలి బావ పని మొదట్నుంచీ అద్భుతంగా సాగింది. కడ్డీ బిగించాడు, మిషను వేశాడు, ఇనప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. యజమాని తల ఊపుతూ మిషను కుడి చివరికి జరిగి నిలబడ్డాడు. బెజ్జం పెట్టాల్సిన సమయం వచ్చింది. భీమిలి బావ మూడడుగులు పక్కకి వేసి, అలవాటైన అందంతో కుడివైపు తిరిగాడు. అక్కడ గోడ ఉండాల్సిన చోట యజమాని ఉన్నాడు. చక్రం ఉండాల్సిన ఎత్తులో గుండీ ఉంది.

"ఏం పని ఇది?" అన్నాడు యజమాని.

"బెజ్జం ఎడతన్నానండి," అన్నాడు భీమిలి బావ. నిజాయితీగానే అన్నాడు.

మిషను ఆపి, పిన్ను తీసి కొలిచారు. కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. బెజ్జం మాత్రం లేదు. యజమాని పిన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పని బాగుంది. కానీ తిరుగుతున్న మిషనుకి వీపు తిప్పేవాణ్ణి ఆపరేటరని ఎలా రాసుకోను? ఆ అలవాటు పోనీ. పోయిందని మేస్త్రి రాసిస్తే పర్మనెంటు ఆర్డరిస్తాను. అంతవరకు ట్రైనింగే." గుండీని గుమాస్తాకి ఇచ్చాడు. గుమాస్తా దాన్ని కాగితానికి దారంతో కుట్టి, భీమిలి బావ ఫైలులో పెట్టాడు.

అలవాటు పోగొట్టడానికి మేస్త్రి చెయ్యనిది లేదు. కుడివైపు రేకు అడ్డం పెట్టాడు, భీమిలి బావ దాని మీద మోకాలు కొట్టుకున్నాడు తప్ప తిరగడం మానలేదు. నడుముకి తాడు కట్టి మిషనుకి బిగించాడు. తిరగనివ్వకపోతే బెజ్జం వంకరపోయేది. తిరగనిస్తే, వెనక్కి వచ్చి అసలు చక్రం పట్టుకున్నాక, తిన్నగా దిగేది. చివరికి మేస్త్రే ఓడిపోయి, మిషను కుడి చివర ఒక ఇనప స్టాండు నిలబెట్టి, దానికి గోడ మీది పాత వాల్వు చక్రం ఊడదీసి తగిలించాడు. భీమిలి బావ ముందు దాన్ని మూడు చుట్లు తిప్పుతాడు, తర్వాత ఇటు తిరిగి అసలు చక్రం పడతాడు. పని బ్రహ్మాండంగా సాగింది. యజమాని మూడు నెలలకోసారి వచ్చి, దూరంగా నిలబడి చూసి, "ఇంకా పోలేదా?" అని వెళ్లిపోయేవాడు.

నా అప్రెంటిస్ పూర్తయ్యాక నేను ఆ పని వదిలేసి పేపర్లో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన చాలా ఏళ్లకి పోర్టు వార్త ఒకటి రాయడానికి అటు వెళ్లి, షాపు కనిపిస్తే లోపలికి వెళ్లాను. భీమిలి బావ అదే మిషను మీద ఉన్నాడు. జుట్టు పలచబడింది. "ఏటి బావా, సెయ్యి మొలిసిందా?" అన్నాడు నన్ను చూసి.

పక్కన కొత్త అప్రెంటిస్‌లు ఇద్దరు పని నేర్చుకుంటున్నారు. ఒకడు కడ్డీ బిగించాడు, పని చేశాడు, మూడడుగులు పక్కకి వేశాడు, కుడివైపు తిరిగి స్టాండు మీది చక్రం మూడు చుట్లు తిప్పాడు, తర్వాత ఇటు తిరిగి బెజ్జం పెట్టాడు.

"అది ఎందుకు తిప్పావు?" అని అడిగాను.

"ముందు అది తిప్పాలండి," అన్నాడు.

"దేనికి?"

అతను నన్ను జాలిగా చూసి, "మిషనుకండి," అన్నాడు.

భీమిలి బావ నా చెవి దగ్గరకొచ్చి, "నాను సెప్పలేదు బావా. ఆలే సూసి నేర్సీసుకున్నారు," అన్నాడు. పడవెక్కాల్సి వచ్చిందా అని అడిగాను. లేదన్నాడు. అయితే ప్రతి పండక్కీ తండ్రి అడుగుతాడట, పర్మనెంటు అయినాదా అని. ఇతను "అవుతన్నాది," అంటాడట. పడవలో ఇతని చోటు ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదట.

అలవాటు పోయిందని రాసివ్వాల్సిన మేస్త్రి రిటైరై తగరపువలస వెళ్లిపోయాడు. కొత్త మేస్త్రిని అడిగితే, "నేనొచ్చేసరికే ఇక్కడ అందరూ అలాగే తిరుగుతున్నారు. అది అలవాటని నేనెలా రాస్తాను? పోయిందని ఎలా రాస్తాను?" అన్నాడు. గుమాస్తా ఫైలు తీసి చూపించాడు. గుండీ ఉంది, దారం పాతబడింది. ట్రైనింగు మొదలైన తేదీ రాసి ఉంది. పూర్తయిన తేదీ గడి ఖాళీగా ఉంది.