అక్క రాసిన రికార్డు కవర్లు

మొన్న బుధవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో తినబుద్ధి కాక, హైటెక్ సిటీలో మా బిల్డింగ్ పక్కనున్న మాల్‌లోకి వెళ్ళాను. మూడో అంతస్తులో కొత్తగా రికార్డుల దుకాణం తెరిచారు. సెల్‌ఫోన్‌లో వేల పాటలు మోసుకు తిరిగే పిల్లలు ఇప్పుడు మళ్ళీ ఆ నల్లటి పళ్ళేల వెంట పడ్డారు. అద్దాల అరలో ఒక ప్లేయరు పెట్టి ఉంది. దాని ధర చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. అంకె మారలేదు. నవ్వుకుంటూ బయటికి వస్తుంటే బిల్లింగ్ కౌంటర్ మీద ఒక కట్ట కనిపించింది. రికార్డును అట్ట కవరులోకి దూర్చే ముందు తొడిగే లోపలి కవర్లు, తెల్లగా, నున్నగా, యాభై ఒక కట్ట. కౌంటర్‌లోని అమ్మాయి నా చూపు గమనించి, "తీసుకోండి సర్, పాత పేపర్ కవర్లు రికార్డుని పాడు చేసేస్తాయి" అంది. నాకు తెలుసమ్మా అనబోయాను. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చేశాను. మూడేళ్ళ క్రితం అచ్చం అలాంటి కట్టలే మా బావ కోసం ముచ్చటపడి కొన్నాను నేను.

బావంటే మా అక్క భర్త. బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో ముప్పై ఏళ్ళు లేతు మిషను నడిపాడు. ఇనుమును వెంట్రుక మందాన చెక్కగలడు గానీ నలుగురిలో నాలుగు మాటలు మాట్లాడలేడు. పెళ్ళిచూపుల్లో ఆయన నోటినుంచి వచ్చింది ఒకే ఒక్క మాట, "జర నీళ్ళియ్యుండ్రి" అని. అక్క ఆ మాట పట్టుకుని జీవితాంతం ఆయన్ని ఏడిపించింది. ఆయనకున్న షోకల్లా రికార్డులే. పాత సామాన్ల దుకాణాల్లో దుమ్ములోంచి ఏరి తెచ్చేవాడు, సినిమా పాటలు, బుర్రకథలు, ఖవ్వాలీలు, ఏది దొరికితే అది. పాడైపోయిన ప్లేయరు ఒకటి తెచ్చి, దాని పళ్ళెం లేతు మీద తనే తయారుచేసి, చెక్కపెట్టెలో బిగించాడు. ఒకటే స్పీకరు. ఎంత గొప్ప గాయకుడైనా అందులోంచి జలుబు చేసినట్టే పాడేవాడు. బాలానగర్‌లో వాళ్ళుండే రెండు గదుల కిరాయి ఇంట్లో, పక్క వర్క్‌షాపు సుత్తి చప్పుళ్ళ మధ్య, ఆ జలుబు పాటలు వింటూ నేను ఎన్నో ఆదివారాలు అక్క చేతి పచ్చిపులుసు తిన్నాను.

బావది రెండో షిఫ్టు. అక్క ఒక ప్రైవేటు బళ్ళో టీచరు. ఆమె పొద్దున బడికి బయల్దేరేసరికి ఆయన ఇంకా నిద్రలో ఉండేవాడు, ఆమె తిరిగొచ్చేసరికి ఆయన కార్ఖానాలో ఉండేవాడు. కార్ఖానాల్లో ఒక పద్ధతి ఉంది. మిషను ఎక్కడైనా మొరాయిస్తే ఆ షిఫ్టువాడు ఒక కార్డు మీద రాసి దానికి తగిలించి పోతాడు. తర్వాతి షిఫ్టువాడు బాగుచేసి కిందే సంతకం పెడతాడు. అక్క ఆ పద్ధతిని ఇంట్లోకి తెచ్చింది. సాయంత్రాలు పాటలు వింటూ, ముల్లు ఎక్కడ ఎగిరిందో, ఎక్కడ ఇరుక్కుందో ఆ రికార్డు తాలూకు లోపలి కాగితం కవరు మీద పెన్సిలుతో రాసేది. బావ తీరిక చూసుకుని భూతద్దం పెట్టి రికార్డు మీద ఆ చోట గీత సరిచేసి, కింద పొడి అక్షరాలతో సంతకం పెట్టేవాడు. నాకు తెలిసింది ఇంతవరకే. ఆలస్యంగా తెలిసిన మిగతా సగం మీకు ముందే చెప్పేస్తున్నాను. కొన్నాళ్ళకు అక్క ఫిర్యాదు కింద ఇంకో మాట రాయడం మొదలుపెట్టింది. బళ్ళో జరిగిన ముచ్చట, ఆయన మీద కోపం, ఎదురుగా చెప్పడానికి సిగ్గుపడే మాట. ఎదురుబొదురు కూర్చుంటే నోరు పెగలని ఆ మనిషి కూడా కింద జవాబు రాసేవాడట. వాళ్ళ కాపురమంతా ఆ కవర్ల మీద జరిగింది.

తర్వాత అక్కకు జబ్బు చేసింది. ఆరు నెలలు ఇంటికీ దవాఖానకూ తిరిగారు. ఆ రోజుల్లో బావ షిఫ్టుకు వెళ్ళాక ఆమె మంచం మీద రికార్డులు ముందేసుకుని, ఉన్న కవర్లన్నిటి మీదా ఓపిక ఉన్నంత మేర రాసింది. రాసినట్టు ఆయనకు చెప్పింది కూడా. "నేను పోయినంక వారానికొక్కటే తియ్యి. అన్ని ఒక్కదినమే చదివి కూసోకు" అందట. ఆమె పోయాక నేను బావను మియాపూర్‌లో మా ఫ్లాటుకు తీసుకొచ్చాను. ఆయనతోపాటు ఆ చెక్కపెట్టె, ఆ రికార్డులు కూడా వచ్చాయి. ఆదివారం పొద్దున టీ తాగి, ఒక్క రికార్డు తీసి, ముల్లు ఆనించి, లోపలి కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పాట అయిపోయినా కవరు కింద పెట్టేవాడు కాదు. ఇంకోటి పెట్టు బావా అంటే "ఇయ్యాల్టికి చాలు తియ్యి" అని లేచిపోయేవాడు.

నేను చేసే పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. పాతికేళ్ళుగా ఎదుటివాడి తప్పు పట్టుకుని జీతం తీసుకుంటున్నవాణ్ణి, బావ ఒక్క రికార్డుతో ఎందుకు ఆపేస్తున్నాడో ఇట్టే కనిపెట్టేశాను. ఆ జలుబు పెట్టెను ఎంతసేపని వింటాడు పాపం, మంచి సెట్టు ఉంటే రోజంతా వింటాడు, అక్క బెంగ కాస్త తగ్గుతుంది అనుకున్నాను. మా ఆఫీసులో భీమవరం వైపు మిత్రుడొకాయన ఉన్నాడు. ఆయనకు ఈ సంగీతం సెట్ల పిచ్చి. ఆయన్ని సలహా అడగడం నా పొరపాటే. మూడు వారాలు క్యాంటీన్‌లో నాకు అన్నం సయించనివ్వలేదు. కొత్త ప్లేయరు, దానికో ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, అవి గోడకు ఎంత దూరంలో ఉండాలి, అన్నీ కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. చివర్లో, "ఇంత మంచి ముల్లు పెట్టి రికార్డుల్ని ఆ పాత కాగితాల్లోనే ఉంచుతారా అండీ? ఒక్కో కాగితం ఉప్పుకాగితంతో సమానం. ముందు రికార్డులు కడగండి, కవర్లు మార్చేయండి" అన్నాడు.

బావ మెదక్ వైపు చుట్టాల పెళ్ళికి నాలుగు రోజులు వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలని ఆఫీసుకు సెలవు పెట్టాను. హాలంతా పాత దుప్పట్లు పరిచి, ఒక్కొక్క రికార్డు శుద్ధమైన నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, ఆరబెట్టి, కొత్త తెల్ల కవర్లలో దూర్చాను. మా ఆవిడ అది చూసి, మన పిల్లలకు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా స్నానం చేయించారా అంది. కవర్ల మీద రాతలు కనిపించాయి. కనిపించలేదని అబద్ధం చెప్పను. అక్క అక్షరాలని గుర్తుపట్టాను కూడా. మూడు కవర్ల మీద మొదటి వరుసలు మాత్రం చదివాను, మూడూ ముల్లు గురించో గరగర గురించో. కడిగేశాం, కొత్త ముల్లు వచ్చింది, ఇంక ఈ ఫిర్యాదులతో పనేముంది అనుకున్నాను. కట్టకట్టి, శనివారం పొద్దున పొడిచెత్త బండి వస్తే నా చేతులతోనే ఎక్కించాను. అందులో ఇద్దరి రాతలున్న పాత కవర్లున్నాయి, అక్క చివర్లో రాసి ఆయన ఇంకా చదవనివీ ఉన్నాయి.

బావ ఆదివారం మధ్యాహ్నం దిగాడు. నేను ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, చిన్నపిల్లాడిలా పాట పెట్టాను. జలుబు లేదు. గాయకుడు హాల్లోకి వచ్చి నిలబడి పాడినట్టుంది. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. "మస్తుగున్నది బామ్మర్ది" అన్నాడు. అంత పొంగిపోయిన రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు. తర్వాత ఆయన లేచి తన ఆదివారం రికార్డు తీసుకున్నాడు. లోపలి కవరు బయటికి లాగి ముందు చూశాడు, వెనక చూశాడు, రెండు వేళ్ళతో తెరిచి లోపలికి కూడా చూశాడు. ఇంకో రికార్డు తీశాడు. ఇంకోటి తీశాడు. "ఏంది ఇది? పాతయి ఏడ వెట్టినవ్?" అన్నాడు. నేను నవ్వుతూనే చెప్పాను. ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. అక్క పోయిన రోజు కూడా ఆ మనిషి అలా కూలబడలేదు. ఆ సాయంత్రమే, నేలమీద కూర్చునే, ముక్కలు ముక్కలుగా ఆ కవర్ల సంగతంతా చెప్పాడు. అంతసేపు ఆయన మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. నాకు చావాలనిపించింది.

సోమవారం తెల్లారగానే ఇద్దరం బయల్దేరాం. మా అపార్ట్‌మెంట్ హౌస్‌కీపింగ్ ఆమె వాకబు చేసి, "ఆ బండి లింగంపల్లి గోదాముకు పోతది సార్, కానీ కాయితాలు ఆన్నే ఉంచరు" అంది. గోదాములో మనిషి ఎత్తున అట్టలు, పుస్తకాలు, పెళ్ళిపత్రికలు. బావ చొక్కా చేతులు మడిచి ఆ గుట్టలోకి దిగాడు. నేనూ దిగాను. మధ్యాహ్నం దాకా వెతికాం. చివరికి గోదాము మనిషికి జాలివేసి, "పెద్దాయనా, శనివారం మాల్ శనివారమే లారీకెక్కింది. మిల్లుల వడ్డదంటే గుజ్జయితది. ఎందుకు ఊకె పరేషాన్ అయితరు?" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఏడుస్తుంటే బావ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "నువ్వు మంచికే జేసినవ్. ఫికర్ చెయ్యకు" అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన ఆదివారాలు మానలేదు. మానేస్తే నేను బాధపడతానని నాకోసమే పెట్టేవాడని నా అనుమానం. గుర్తున్నవి గుర్తున్నట్టు రాసుకుందామని ఒకసారి పెన్సిలు తీసి కొత్త కవరు మీద పెడితే, ఆ నునుపు మీద గీత పడలేదు. ఒక నోటుపుస్తకం కొనిచ్చాను. నాలుగు పేజీలు రాశాక, ఇందులో అక్క మాటేదో తన మాటేదో తేలడం లేదని మూసేశాడు. అప్పటికి ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

ఒక ఆదివారం, పాట సగంలో ఉండగా, ఆయన నావైపు తిరగకుండానే అడిగాడు. "నువ్వు మూడు చదివినవ్ గదా. ఏమున్నదో యాదికున్నదా?" నాకు రెండే గుర్తున్నాయి. చెప్పాను. ఒకటి, రెండో వైపు మూడో పాట దగ్గర ముల్లు ఎగురుతున్నది. ఇంకోటి, మొదటి పాట మొదట్లోనే గరగర, నీ చెవికి వినిపిస్తలేదు గానీ నాకు వినిపిస్తున్నది. బావ మొహంలోకి నవ్వొచ్చింది. అవి ఆయన చదవనివి. "మల్ల చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆయన పెదాలు కదిలాయి, బడిపిల్లలు పద్యం అప్పజెప్పుకుంటున్నట్టు. తర్వాత, "దాని కింద ఇంకేమన్న ఉండెనా?" అన్నాడు. ఉన్నాయి. రెండింటి కిందా నాలుగైదు వరుసలు ఉన్నాయి, చిన్న అక్షరాలతో, కవరు అంచుదాకా. ఏదో ఒక మాట కల్పించి చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషికి అక్క మాట తెలుసు, నా మాట తెలుసు. "ఉండె బావా. నేను చదవలే" అన్నాను. ఆయన తలాడించి, మళ్ళీ పాటవైపు తిరిగాడు.

కాలం ఎలాగూ అన్నీ తీసుకుపోయేదే, కానీ ఆయన దగ్గర వారానికి ఒక్కటి చొప్పున మర్యాదగా తీసుకునేది. ఆ శనివారం నేనే అన్నీ కట్టకట్టి దాని చేతికిచ్చాను.